ఇంటెల్ ఓడిపోయిన మెమరీ యుద్ధం: మీ ల్యాప్‌టాప్‌కి దాంతో పనేంటి?

నేను జాబ్‌లో చేరిన కొత్తలో 8 జీబీ ర్యామ్ ఉన్న సన్నటి ల్యాప్‌టాప్ ఒకటి కొన్నా. మూడేళ్లకి ఆండ్రాయిడ్ స్టూడియో, క్రోమ్ కలిపి ఓపెన్ చేస్తే చాలు, హ్యాంగే. ర్యామ్ పెంచుదామని సికింద్రాబాద్ సీటీసీకి తీసుకెళ్తే, షాపు అబ్బాయి వెనక ప్లేట్ విప్పి చూసి, "అన్నా, దీనికి స్లాటే లేదు. మదర్‌బోర్డుకే సోల్డర్ చేసేశారు" అన్నాడు.

మెమరీ ఎలా ఉండాలో అసలు ఎవరు డిసైడ్ చేస్తారు? దీనికోసం పాతికేళ్లకి పైనే వెనక్కి వెళ్లాలి.

1990లో మైక్ ఫార్మ్‌వాల్డ్, మార్క్ హోరోవిట్జ్ అనే ఇద్దరు అమెరికాలో ర్యాంబస్ అనే కంపెనీ పెట్టారు. వీళ్లు చిప్‌లు తయారు చేయరు. డిజైన్ ఇస్తారు, వాడుకున్న కంపెనీల నుంచి రాయల్టీ తీసుకుంటారు. వాళ్ల మెమరీ పేరు ఆర్‌డీ ర్యామ్.

అప్పట్లో పీసీల్లో ఉన్నది ఎస్‌డీ ర్యామ్. దాన్ని 64 లైన్ల వెడల్పాటి రోడ్డు అనుకోండి, బండ్లు మాత్రం నెమ్మది. 133 మెగాహెర్ట్జ్ దగ్గర సెకనుకి సుమారు 1 జీబీ. ఆర్‌డీ ర్యామ్‌ది 16 లైన్ల సన్న రోడ్డు, కానీ బండ్లు దూసుకెళ్తాయి. సెకనుకి 1.6 జీబీ. 1996లో వచ్చిన నింటెండో 64లో, తర్వాత ప్లేస్టేషన్ 2లో ఉన్నది ర్యాంబస్ మెమరీయే. అదే 1996లో ఇంటెల్ కూడా ర్యాంబస్‌తో ఒప్పందం చేసుకుంది. ఇంటెల్ చెప్పాక ఇంకెవరు కాదంటారు అనుకున్నారు అందరూ.

తీరా చూస్తే కష్టాలన్నీ అక్కడే మొదలయ్యాయి. ఆర్‌డీ ర్యామ్ రేటు ఎక్కువ, వేడి ఎక్కువ. డేటా అడిగాక మొదటి ముక్క రావడానికి టైమూ ఎక్కువే. సిగ్నల్ ఒక మాడ్యూల్‌లోంచి ఇంకో మాడ్యూల్‌లోకి వరసగా వెళ్లాలి కాబట్టి, ఖాళీ స్లాట్‌లో కూడా ఒక డమ్మీ కార్డు పెట్టాల్సిందే! దీనికోసం ఇంటెల్ చేసిన 820 చిప్‌సెట్ 1999 సెప్టెంబర్‌లో రావాలి. మూడు స్లాట్లు వాడితే ఎర్రర్లు వస్తున్నాయని చివరి నిమిషంలో ఆపి, నవంబర్‌లో వదిలారు. రేటు తట్టుకోలేనివాళ్ల కోసం అదే చిప్‌సెట్‌కి పాత ఎస్‌డీ ర్యామ్‌ని కలిపే ఒక చిప్ పెట్టారు. అందులోనూ లోపం బయటపడింది. 2000 మే నెలలో లక్షల్లో బోర్డులు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

ఇంకోపక్క జెడెక్ అని ఒక సంస్థ ఉంది. మెమరీ కంపెనీలన్నీ కూర్చుని ఉమ్మడిగా స్టాండర్డ్‌లు రాసుకునే చోటు. వాళ్లు 2000లో డీడీఆర్ స్టాండర్డ్ ఇచ్చారు. ఐడియా సింపుల్. పాత ఎస్‌డీ ర్యామ్‌నే తీసుకుని, ఒక్కో క్లాక్‌కి ఒకసారి బదులు రెండుసార్లు డేటా పంపడం. సెకనుకి 2.1 జీబీ వచ్చేసింది. ఏఎండీ వెంటనే డీడీఆర్ వైపు వెళ్లింది. ఇంటెల్ మాత్రం 2000 నవంబర్‌లో పెంటియం 4ని ఆర్‌డీ ర్యామ్‌తోనే తెచ్చింది. ఏడాది తిరిగేసరికి పెంటియం 4కి ఎస్‌డీ ర్యామ్, ఆ వెంటనే డీడీఆర్ ఇవ్వక తప్పలేదు. ఇప్పుడు మనం వాడే డీడీఆర్4, డీడీఆర్5 ఆ వంశమే.

అయితే జెడెక్ పక్కన ఉన్నవాళ్లంతా మంచోళ్లు అనుకోకండి. 1999 నుంచి 2002 మధ్య కుమ్మక్కై మెమరీ ధరలు ఫిక్స్ చేశామని పెద్ద కంపెనీలే అమెరికాలో నేరం ఒప్పుకున్నాయి. 2005లో ఒక్క శాంసంగ్‌కే 30 కోట్ల డాలర్ల ఫైన్ పడింది. అంటే స్టాండర్డ్ అందరిదైనంత మాత్రాన రేటు న్యాయంగా ఉంటుందని గ్యారంటీ లేదు. కానీ ఒక కంపెనీ ర్యామ్ తీసి ఇంకో కంపెనీది పెట్టుకునే వీలు మాత్రం మనకి మిగిలింది.

ఆ వీలే ఇప్పుడు ల్యాప్‌టాప్‌ల్లో పోతోంది. బ్యాటరీ ఎక్కువసేపు రావాలంటే ఫోన్లలో వాడే ఎల్‌పీడీడీఆర్ మెమరీ కావాలి. అది ప్రాసెసర్‌కి బాగా దగ్గరగా ఉండాలి. మామూలు ర్యామ్ స్టిక్‌లో, అంటే ఎస్‌ఓడిమ్‌లో, ఆ దారి పొడవైపోతుంది. అందుకే డైరెక్ట్‌గా సోల్డర్. కంపెనీలు కావాలని చేస్తున్న మోసం అని నేనూ అనుకునేవాణ్ని, కానీ దీని వెనక నిజమైన ఇంజినీరింగ్ కారణం ఉంది.

దీనికీ ఒక దారి దొరికింది. 2022లో డెల్ తన ప్రెసిషన్ ల్యాప్‌టాప్‌లో క్యామ్ అనే పలచటి మాడ్యూల్ పెట్టింది. ప్రాసెసర్ పక్కనే పడుకోబెట్టి స్క్రూలతో బిగిస్తారు. "ఇది డెల్ సొంత వ్యవహారం, రేపు ర్యామ్ కూడా వాళ్ల దగ్గరే కొనాలి" అని చాలామంది భయపడ్డారు. కానీ డెల్ దాన్ని జెడెక్‌కి తీసుకెళ్లింది. 2023 డిసెంబర్‌లో క్యామ్2 స్టాండర్డ్ వచ్చింది. దాంట్లోనే ఎల్‌పీడీడీఆర్ కోసం ఎల్‌పీక్యామ్2 ఉంది. 2024లో లెనోవో థింక్‌ప్యాడ్ పీ1 దాంతో వచ్చింది. ఒకే మాడ్యూల్ కాబట్టి పెంచుకోవాలంటే పాతది తీసేసి కొత్తది పెట్టాలి. అయినా మదర్‌బోర్డు మొత్తం మార్చడం కంటే నయమే కదా.

ఇది మామూలు ల్యాప్‌టాప్‌లకి రావాలంటే ఎక్కువ కంపెనీలు తయారు చేయాలి, మనం అడిగి కొనాలి. ఆర్‌డీ ర్యామ్‌కి ఇంటెల్ అండ ఉన్నా, మిగతావాళ్లు కలిసిరాకే పీసీల్లోంచి పోయింది. కాబట్టి ఈసారి ల్యాప్‌టాప్ కొనేముందు స్పెక్ షీట్‌లో మెమరీ లైన్ చదవండి. "సోల్డర్డ్" అనో "ఆన్‌బోర్డ్" అనో ఉండి, పక్కన స్లాట్ ఊసే లేకపోతే, మీకు నాలుగేళ్ల తర్వాత ఎంత కావాలో అంత ఇప్పుడే తీసుకోండి. నేను చేసిన తప్పు మీరు చేయొద్దు.

మీ ల్యాప్‌టాప్‌లో స్లాట్ ఉందా లేదా చూసి కింద కామెంట్ చేయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై.