సూరత్ ప్లేగు, ఆరు జోన్లు, ఒక చిన్న సూత్రం

ఒక పథకంలో భాగస్వాములు పెరిగేకొద్దీ సమన్వయం ఎందుకు కష్టమవుతుంది? మెయిన్స్‌లో పాలనపై ప్రశ్న వస్తే ఈ లెక్క గుర్తుంచుకోండి. సభ్యులు 'ఎన్' మంది అయితే సమాచార మార్గాలు ఎన్(ఎన్–1)/2. ఏడుగురికి 21, ఇరవై మందికి 190. మనుషులు మూడు రెట్లు కూడా కాలేదు, మార్గాలు మాత్రం తొమ్మిది రెట్లు దాటాయి.

ఇక చరిత్రకు వద్దాం. నేడు ఉన్ వంటి శివార్ల దాకా పెరిగిన సూరత్‌లో 1994 సెప్టెంబరులో ప్లేగు ప్రబలింది. పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి, లక్షల మంది ఊరు విడిచారు. వరద తర్వాత పేరుకున్న చెత్తను ఎవరు తీయాలన్నది ఆరోగ్యం, ఇంజినీరింగ్, పారిశుద్ధ్య విభాగాలన్నిటికీ సంబంధించిన పని. అందరిదీ అయిన పని ఎవరిదీ కాకుండా పోతుంది.

1995లో మున్సిపల్ కమిషనర్‌గా వచ్చిన తెలుగు ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. రావు నగరంలోని ఆరు జోన్ల అధిపతులకు తన పాలనా, ఆర్థిక అధికారాలను అప్పగించారు. జోన్‌లోని విభాగాలకు ఒక్కరే జవాబుదారీ. పై స్థాయిలో కమిషనర్‌తో కలిపి ఏడుగురు, అంటే 21 మార్గాలే. పొద్దున అధికారులంతా వీధుల్లో తనిఖీ, ఆపై రోజువారీ సమీక్ష.

1996లో ఇంటాక్ సూరత్‌ను దేశంలో రెండో పరిశుభ్ర నగరంగా పేర్కొంది.

ఒక్క జాగ్రత్త: సూత్రం మార్గాలను లెక్కిస్తుందే తప్ప, వాటిలో నడిచే సమాచారం నిజమో కాదో చెప్పదు. దాన్ని తేల్చింది వీధి తనిఖీ. జవాబులో అధికార వికేంద్రీకరణ పక్కన క్షేత్ర పర్యవేక్షణను కూడా తప్పక రాయండి.