ఇనుప పెట్టె మీది అక్షరాలు

మా వాడలో పుట్టిన తారీఖులు ఉండవు. మా తాత ఎప్పుడు పుట్టిండో ఏ కాయితంలో లేదు. ఆయన మోసిన పనిముట్లకు మాత్రం కాలం రాసిపెట్టి ఉంది. సర్కారు బడిలో సాంఘికశాస్త్రం చెప్పేవాణ్ణి, శాసనాలు చదవడం కొంత తెలుసు. ఇనుము మీది రాతలు కూడా శాసనాలే.

తాత రైలుకట్ట మీద గ్యాంగుమన్. గ్యాంగు పెట్టెలో గడ్డపారలు, కంకర కొట్టే బీటర్లు, సుత్తెలు, స్పానర్లు, ఎర్ర పచ్చ జెండాలు ఉండేవి. మా దిక్కు ఆ పెట్టె మోసింది ఎక్కువగా మాల మాదిగలే.

పెట్టె మూత మీది అక్షరాలు చూడాలి. ఎన్.జి.ఎస్.ఆర్. అంటే నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. 1883లో లండన్ పెట్టుబడితో పుట్టిన కంపెనీ. లాభం వచ్చినా రాకున్నా వాటాదార్ల వడ్డీకి నిజాం ఖజానా పూచీ, గ్యారంటీ అంటే అదే. ఈ రైలు ఒప్పందం మీద చదువుకున్నోళ్ళు గొంతెత్తితే అఘోరనాథ్ చటోపాధ్యాయను రాజ్యం నుంచి వెళ్ళగొట్టారు. ఆ ముచ్చట పుస్తకాలకెక్కింది. కట్ట పోసినోళ్ళది ఎక్కలేదు.

1930 ఏప్రిల్ 1న రాజ్యమే రైల్వేను తీసుకుంది. 'జి' పోయింది, ఎన్.ఎస్.ఆర్. మిగిలింది. 1951 నవంబర్ 5న సెంట్రల్ రైల్వేలో కలిసి సి.ఆర్. అయింది. 1966 అక్టోబర్ 2 నుంచి ఎస్.సి.ఆర్. బెజవాడ నుంచి మద్రాసు దిక్కు పెట్టె అయితే ఎం.ఎస్.ఎం., అది 1908 నుంచి 1951 దాకా.

రంగును నమ్మొద్దు. యజమాని మారితే రంగు మారుస్తరు, పెట్టె మార్చరు. పంచుతో కొట్టిన అక్షరం మాత్రం అడుగున అట్లనే ఉంటది. తాళం కప్పతో లెక్క కట్టొద్దు, అది ఎన్నిసార్లు మారిందో! సుత్తె బరువు పౌండ్లలో ఉంటే కిలోలు రాకముందుది కావచ్చు, అంటే 1960ల ముందుది. టాటా ముద్ర ఉంటే 1912కు ముందుది కాదు, వాళ్ళ ఉక్కు పోత మొదలైంది ఆ ఏడే.

ఇదంతా ఎందుకంటే, మా ఇంట్లో తాత ఇత్తడి బిళ్ళ ఒకటి ఉంది. మీద ఎన్.ఎస్.ఆర్., కింద నంబరు. పోలీసు యాక్షన్ తర్వాత తామే వెట్టివాళ్ళను వదిలేసినమని మా ఊరి దొర ఇంటివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటరు. తాత అంతకుముందే రాత్రికి రాత్రి వెట్టి వదిలి పోయిండని నాయనమ్మ అనేది. బిళ్ళ 1951 దాకా తీసుకొస్తుంది గానీ 1948కి ఇవతలా అవతలా చెప్పదు. పాత బిళ్ళలు తర్వాత కూడా ఇచ్చి ఉంటరని మా మామ వాదన, అది కొట్టేసేది కాదు. అయితే మిలట్రీ వచ్చినప్పుడు మా పెద్దత్త కట్ట పక్క గుడిసెలో తప్పటడుగులు వేస్తున్నదని నాయనమ్మ ఖచ్చితంగా చెప్పేది. మిలట్రీ వచ్చింది 1948 సెప్టెంబర్. బిళ్ళను, బిడ్డ నడకను పక్కపక్కన పెడితే నాకు నాయనమ్మ లెక్కే నిలుస్తున్నది. దొరలు వదలలేదు, తాతే వదిలిండు.

మీ వాడల్లోనూ ఇట్లాంటివి ఉంటయి, పాత సామాన్లోడికి వేసేలోపు చూడండి. ఒక చిక్కుంది. రైల్వే గుర్తున్న వస్తువు ఇంట్లో దొరికితే ఎక్కడిదని అడుగుతరు, దానికి 1966లో ప్రత్యేకంగా చట్టమే వచ్చింది. తుక్కు వేలంలో కొన్నదాని మీద కూడా మనోళ్ళు భయపడి అక్షరాలను ఆకురాయితో అరగదీసేవారు. అయినా పంచు దెబ్బ లోతుకు దిగి ఉంటది. సుద్దముక్క రుద్ది పక్క నుంచి దీపం పెడితే ఒక్కోసారి తేలుతుంది. తాత గడ్డపార మీద అట్ల 'ఎస్' ఒక్కటే తేలింది. దాంతో ఏం చెప్పగలం, 'ఎస్' ఎన్.జి.ఎస్.ఆర్.లోనూ ఉంది, ఎస్.సి.ఆర్.లోనూ ఉంది.