నల్లద్రవ గ్యాసిఫికేషన్: రియాక్టరుకు తగిన పదార్థాల ఎంపిక

క్రాఫ్ట్ పద్ధతిలో కలప నుంచి గుజ్జు తీసిన తరువాత మిగిలే ద్రావణాన్ని నల్లద్రవం అంటారు. ఇందులో కలపలోని లిగ్నిన్‌తో పాటు సోడియం, గంధకం లవణాలు ఉంటాయి. మిల్లులు దీనిని రికవరీ బాయిలర్లలో మండించి ఆవిరిని, రసాయనాలను తిరిగి పొందుతాయి. బాయిలరు గొట్టం చిల్లుపడి, కరిగిన లవణంపై నీరు పడితే పేలుడు సంభవిస్తుంది. నల్లద్రవాన్ని ఇంధన వాయువుగా మార్చే గ్యాసిఫికేషన్ దీనికి ప్రత్యామ్నాయం. అయితే దాని మనుగడ రియాక్టరు గోడల మన్నికపైనే ఆధారపడి ఉంది.

ఇటుకల సమస్య

అధిక ఉష్ణోగ్రత పద్ధతిలో రియాక్టరు సుమారు 950 నుంచి 1,000 డిగ్రీల సెల్సియస్ వద్ద పనిచేస్తుంది. కరిగిన సోడియం కార్బొనేట్, సోడియం సల్ఫైడ్ గోడల వెంట జారుతుంటాయి. సాధారణ అగ్నినిరోధక ఇటుకలలోని సిలికాను ఈ క్షారం కరిగిస్తుంది. అల్యూమినా సోడియంతో కలిసి సోడియం అల్యూమినేట్‌గా మారుతుంది. దాని ఘనపరిమాణం ఎక్కువ కనుక ఇటుక ఉబ్బి, పెచ్చులూడి, వెలుపలి ఉక్కు కవచాన్ని నెడుతుంది.

అమెరికాలోని న్యూబెర్న్ మిల్లులో 1996లో ఆరంభమైన రియాక్టరు, ఉక్కు కవచంలో పగుళ్ల కారణంగా 2000లో నిలిచిపోయింది. కొత్త కవచంతో, కరిగించి పోతపోసిన అల్యూమినా ఇటుకలతో 2003లో తిరిగి పనిచేయసాగింది. సూక్ష్మరంధ్రాలు తక్కువైనందున ఈ ఇటుకలలోకి లవణం నెమ్మదిగా చొరబడుతుంది. మెగ్నీషియా, అల్యూమినాల స్పినెల్ ఇటుకలనూ పరిశోధకులు పరీక్షించారు. ఇటుక ఏదైనా, ఉబ్బును భరించేందుకు దానికీ కవచానికీ నడుమ నొక్కుకుపోయే పొర అవసరం.

లోహాల ఎంపిక

తక్కువ ఉష్ణోగ్రత పద్ధతిలో, అంటే సుమారు 600 డిగ్రీల వద్ద, లవణం కరగదు. అక్కడ ముప్పు హైడ్రోజన్ సల్ఫైడ్ నుంచి వస్తుంది. నికెల్ అధికంగా గల మిశ్రలోహాలు అన్నిచోట్లా శ్రేష్ఠమనుకోవడం పొరపాటు. నికెల్, దాని సల్ఫైడ్ కలిసి సుమారు 640 డిగ్రీలకే కరుగుతాయి. అందువల్ల క్రోమియం అధికంగా గల ఉక్కు, అల్యూమినియం పూత మేలు.

లవణాన్ని నీటిలో కరిగించే దిగువ భాగంలో ఉష్ణోగ్రత తక్కువే అయినా, వేడి క్షారం వల్ల ఒత్తిడికి లోనైన సాధారణ స్టెయిన్‌లెస్ ఉక్కు పగలవచ్చు. అక్కడ డ్యూప్లెక్స్ ఉక్కు ఎక్కువ నిరోధకత చూపుతుంది.

ఒకే పదార్థం రియాక్టరు అంతటికీ సరిపోదు. ఏ భాగంలో ఎంత వేడి, ఏ రసాయనం ఉన్నవో నిర్ధారించుకున్న పిదపే ఎంపిక జరగాలి.