సలాడ్ బార్ చరిత్ర: పరదేశంలో భోజనం, రోగం, నింద

క్రిందటి పాఠంలో 1854 నాటి లండన్ కలరా గురించి చదివారు. డాక్టర్ జాన్ స్నో బ్రాడ్ వీధి పంపు చుట్టుపక్కల జరిగిన మరణాలను పటం మీద గుర్తించి, నీటి మీద తనకున్న అనుమానానికి ఆధారం చూపిన తీరు మీకు గుర్తుండే ఉంటుంది. అదే పద్ధతి ఇరవయ్యో శతాబ్దంలో ఒక భోజనబల్ల దగ్గరికి ఎలా చేరిందో ఈ పాఠంలో చూద్దాం. ఆ బల్ల పేరు సలాడ్ బార్. ‘బార్’ అనగానే మనకు మద్యం అమ్మే చోటు గుర్తుకొస్తుంది. ఇక్కడ అర్థం అది కాదు. హోటల్లో మంచు పరిచిన పొడవాటి బల్ల మీద పచ్చి కూరగాయ ముక్కలు, ఆకులు, ఉడికించిన గింజలు, వాటి మీద పోసుకునే పుల్లటి రసాలు విడివిడి గిన్నెల్లో పెడతారు. వచ్చినవారు తమకు కావలసింది తామే వడ్డించుకుంటారు. అంతే.

మీ ఇంట్లోనో బంధువుల్లోనో ఎవరో ఒకరు చదువుకో ఉద్యోగానికో విదేశాల్లో ఉండవచ్చు. వారు బయలుదేరే ముందు మనం ఇచ్చే సలహాల్లో తిండి గురించినవే ఎక్కువ. ఆ సలహాల వెనుక ఒక నమ్మకం ఉంటుంది: రోగం ఇక్కడి నీళ్లలో ఉంది, అక్కడ అంతా శుభ్రం. అమెరికా నుంచి మన దేశానికి వచ్చేవారి నమ్మకమూ ఇదే. ఈ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో చరిత్రకారుల్లా పరీక్షించవలసి ఉంది.

7.1 మెక్సికోలో వైద్యులు

ప్రయాణికుల విరేచనాలకు అమెరికన్లు పెట్టుకున్న పేర్లు చూడండి. మెక్సికోలో వస్తే ‘మోంటెజుమా ప్రతీకారం’, భారతదేశంలో వస్తే ‘ఢిల్లీ బెల్లీ’. రెండు పేర్లూ రోగాన్ని ఆతిథ్యమిచ్చిన దేశానికే అంటగడతాయి. ఈ విషయంపై జరిగిన మంచి పరిశోధనల్లో ఒకటి 1974 అక్టోబరులో మెక్సికో నగరంలో జరిగింది. అక్కడొక వైద్య సమావేశానికి వెళ్లిన 73 మంది వైద్యులను, వారి కుటుంబ సభ్యులు 48 మందిని ప్రయాణానికి ముందు, ప్రయాణంలో, ఆ తరువాత పరీక్షించారు. ఆ 121 మందిలో 59 మందికి విరేచనాలు పట్టుకున్నాయి. దాదాపు సగం! ఏమి తినకూడదో ఇతరులకు చెప్పే వృత్తిలో ఉన్నవారి పరిస్థితి ఇది. వారి జబ్బుకు ప్రధాన కారణాల్లో ఒకటి విషాన్ని తయారుచేసే ఇ.కోలై అనే సూక్ష్మజీవి. దాని బారిన పడినవారి తిండిని పోల్చి చూస్తే పచ్చి కూరగాయలున్న సలాడ్‌తో సంబంధం కనిపించింది.

కారణం ఊహించడం కష్టం కాదు. నిప్పు మీదకు వెళ్లిన వంటకంలో చాలా సూక్ష్మజీవులు చస్తాయి. పచ్చి ఆకు పొలంలోని నీటిని, కడిగిన నీటిని, కోసిన చేతిని దాటి నేరుగా పళ్లెంలోకి వస్తుంది. పచ్చి ఉల్లిపాయ, నిమ్మకాయ ముక్క మన విస్తట్లోనూ ఉంటాయి గానీ, మన భోజనంలో అధిక భాగం వేడిగా పొయ్యి మీద నుంచి దిగేదే.

7.2 బల్ల పుట్టుక

తామే వడ్డించుకునే భోజనం అమెరికాకు స్వీడన్ దేశపు ‘స్మోర్గస్‌బోర్డ్’ రూపంలో పరిచయమైంది. 1939 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో స్వీడన్ వారి భోజనశాల దానికి పేరు తెచ్చింది. తుమ్మితే తుంపరలు గిన్నెల్లో పడకుండా అడ్డుపెట్టే గాజు పలకకు పెన్సిల్వేనియాకు చెందిన హోటల్ యజమాని జానీ గార్నో 1959లో పేటెంటు కోరారు. 1971లో షికాగోలో మొదలైన ‘ఆర్.జె. గ్రంట్స్’ వంటి చోట్ల సలాడ్ బార్ ఒక ఫ్యాషనుగా మారి, ఆ దశాబ్దంలోనే చిన్న పట్టణాలకు సైతం పాకింది. హోటలు వారికి వడ్డించే మనుషుల ఖర్చు తగ్గింది, తినేవారికి ఎంచుకునే స్వేచ్ఛ దొరికింది.

ఒక మాట. మన పెద్దలు ఈ బల్లను చూస్తే ముందుగా అడిగేది ‘ఎంగిలి’ గురించే. ఎంగిలి, మడి అనే భావనలు కులభేదాలను కాపాడటానికి ఎంతగా వాడారో మీరు వేరే పాఠంలో చదివారు, కనుక వాటిని విజ్ఞానశాస్త్రంగా చెప్పుకోవలసిన పనిలేదు. అయినా అమెరికా ఆహార నియమావళి కూడా రెండోసారి వడ్డించుకునేవారు తిన్న పళ్లెంతో రాకూడదనీ, కొత్త పళ్లెం తీసుకోవాలనీ చెబుతుంది. చల్లటి పదార్థాన్ని 5 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకు తక్కువలో ఉంచాలని కూడా ఆ నియమావళి అంటుంది. ఆపైన సుమారు 60 డిగ్రీల వరకు సూక్ష్మజీవులు పెరిగే అవకాశం ఉంది. బల్ల మీది మంచు అలంకారం కోసం కాదు.

ఈ బల్ల బలహీనత ఏమిటో ఇప్పటికి మీకు అర్థమై ఉంటుంది. దాని మీద నిఘా లేదు. ఎవరైనా దగ్గరికి రావచ్చు, ఏ గిన్నె మీదనైనా చేయి చాపవచ్చు. గాజు పలక తుమ్మును ఆపుతుంది, ఉద్దేశాన్ని ఆపలేదు.

7.3 ది డాల్స్, 1984

అమెరికా వాయవ్య భాగంలోని ఆరెగాన్ రాష్ట్రంలో, కొలంబియా నది ఒడ్డున ది డాల్స్ అనే పట్టణం ఉంది. అది వాస్కో కౌంటీకి ముఖ్యపట్టణం. అప్పట్లో జనాభా సుమారు పది వేలు. 1984 సెప్టెంబరు రెండో వారంలో అక్కడి హోటళ్లలో తిన్నవారు జ్వరం, వాంతులు, రక్తంతో కూడిన విరేచనాలతో ఆరోగ్య శాఖకు ఫిర్యాదు చేయసాగారు. కొద్ది రోజులకు తగ్గినట్లే తగ్గి, అదే నెల చివరి భాగంలో మరింత ఉధృతంగా రెండో అల వచ్చింది. మొత్తం 751 మంది జబ్బుపడ్డారు. 45 మంది ఆసుపత్రిలో చేరారు. ఎవరూ చనిపోలేదు. కారణం సాల్మోనెల్లా టైఫిమ్యూరియం అనే సూక్ష్మజీవి అని పరీక్షల్లో తేలింది. పేరు దగ్గరగా ఉన్నా మనం టైఫాయిడ్ అనేది ఇది కాదు. అదే జాతిలో వేరొకటి.

ఇప్పుడు పరిశోధకుల లెక్కను జాగ్రత్తగా చదవండి. రోగంతో ముడిపడిన హోటళ్లు 10. వాటిలో 8 చోట్ల సలాడ్ బార్ ఉంది. పట్టణంలోని మిగిలిన 28 హోటళ్లలో సలాడ్ బార్ ఉన్నవి 3 మాత్రమే. బల్లకూ రోగానికీ సంబంధం ఉందనడానికి ఈ నాలుగు అంకెలు చాలు. కానీ అక్కడి నుంచి ముందుకు దారి లేదు. ఒక హోటల్లో అనుమానం ఒక పదార్థం మీద పడితే, మరో హోటల్లో వేరొకదాని మీద పడింది. అన్ని హోటళ్లకూ సరుకు ఇచ్చే వర్తకుడు ఒక్కడు లేడు. నీటి సరఫరాలో దోషం లేదు. పాలలోనో క్యాబేజీలోనో ఒకేచోట దోషం ఉంటే పది హోటళ్లలోనూ ఒకే గిన్నె దోషిగా తేలాలి కదా?

అప్పుడు రాష్ట్ర ఆరోగ్య అధికారులు చేరుకున్న అభిప్రాయం ఏమిటంటే, వంట, వడ్డన పనివారు చేతులు సరిగా కడుక్కోకపోవడం వల్ల రోగం వ్యాపించింది అని. పనివారిలో కూడా జబ్బుపడినవారు ఉన్నారు. కొన్ని చోట్ల మంచు చాలలేదు. పాత పదార్థం మీద కొత్తది పోసిన సందర్భాలూ ఉన్నాయి. ఇవన్నీ నిజాలే. కానీ రోగాన్ని పెంచగల లోపాలు వేరు, రోగాన్ని మొదలుపెట్టిన కారణం వేరు. జబ్బుపడిన పనివారితోనే రోగం మొదలైందనడానికి ఆధారం దొరకలేదు. వారూ అదే బల్ల మీది తిండి తిన్నారు. అయినా తక్కువ జీతానికి గిన్నెలు కడిగేవారి మీదకు నింద సులభంగా జారింది. ఇది ఆ పట్టణానికి మాత్రమే ఉన్న అలవాటు అని నేననుకోను.

నేపథ్యం చూద్దాం. 1981లో పుణె నుంచి వెళ్లిన ఆచార్య రజనీష్ అనుచరులు ఆ ప్రాంతంలో సుమారు 64,000 ఎకరాల పశుక్షేత్రాన్ని కొని రజనీష్‌పురం అనే నగరాన్ని కట్టారు. భూవినియోగ అనుమతుల విషయంలో కౌంటీ అధికారులతో తగాదాలు పెరిగాయి. కౌంటీ పాలనామండలిలో ముగ్గురే సభ్యులు. 1984 నవంబరులో రెండు స్థానాలకు ఎన్నికలు జరగాలి. ఆ రెండూ తమవైతే మండలి తమదే. ఇతర నగరాల నుంచి ఇల్లు లేనివారిని వేల సంఖ్యలో బస్సుల్లో తెచ్చి ఓటర్లుగా చేర్చే ప్రయత్నం బహిరంగంగా జరిగింది. రహస్యంగా ఆలోచించినది మరొకటి: పోలింగు నాడు పట్టణపు ఓటర్లు మంచం దిగలేకపోతే? సెప్టెంబరులో జరిగింది దానికి ముందస్తు ప్రయోగం. సూక్ష్మజీవులు కలిపిన ద్రవాన్ని హోటళ్లకు తీసుకెళ్లి బల్ల మీది పదార్థాల్లో, కాఫీలో పోసుకునే పాలలో కలిపారు. అంతకుముందు ఆగస్టులో ఆ స్థలం చూడటానికి వచ్చిన ఇద్దరు మండలి సభ్యులకు ఇచ్చిన తాగునీటిలోనూ కలిపారు.

స్థానికులకు అనుమానం మొదటి నుంచీ ఉంది. 1985 ఫిబ్రవరిలో జేమ్స్ వీవర్ అనే ప్రతినిధి అమెరికా ప్రతినిధుల సభలోనే ఆ అనుమానాన్ని వినిపించారు. ఆధారం లేకుండా ఒక మతవర్గాన్ని నిందిస్తున్నారని ఆయన్ను విమర్శించినవారు ఉన్నారు. ఇక్కడ మీరు కాస్త ఆగాలి. అనుమానం తరువాత నిజమైంది కాబట్టి, ఆనాడు ఆధారం అడిగినవారిది తప్పు అనగలమా? ఆ ప్రాంతంలో కొత్తగా వచ్చినవారి మీద ద్వేషం కూడా తక్కువేమీ లేదు. ఫలితం తెలిసినవారు గతాన్ని తీర్పు తీర్చడం సులువు. 1984లో అధికారుల చేతిలో ఉన్నవి అంకెలు మాత్రమే.

అసలు సంగతి లోపలి తగాదా వల్ల బయటపడింది. రజనీష్ కార్యదర్శి మా ఆనంద్ షీలా 1985 సెప్టెంబరులో దేశం విడిచి ఐరోపాకు వెళ్లిపోయారు. వెంటనే రజనీష్ పత్రికలవారిని పిలిచి, ఆమె, ఆమె అనుయాయులు ఈ నేరాలు చేశారని ఆరోపించారు. అక్టోబరు 2న జరిగిన సోదాలో అక్కడి ప్రయోగశాలలో దొరికిన సూక్ష్మజీవి, రోగులలో కనిపించిన దానికి తేడా తెలియనంతగా సరిపోయింది. షీలా, నర్సు అయిన మా ఆనంద్ పూజ 1986లో నేరం ఒప్పుకున్నారు. 20 ఏళ్ల శిక్ష పడిన షీలా 29 నెలల తరువాత విడుదలయ్యారు. రజనీష్ మీద ఈ విషప్రయోగం రుజువు కాలేదు. ఆయన దేశం విడవవలసి వచ్చింది వలస చట్టాల కేసులో. అక్కడ నివసించిన వేలాది మందిలో ఈ పథకం తెలిసినవారు కొద్దిమందే. పరిశోధకుల పూర్తి నివేదిక అమెరికా వైద్య సంఘం పత్రికలో 1997లో గానీ రాలేదు. చదివి మరొకరు అనుకరిస్తారేమోననే భయం ఆ జాప్యం వెనుక ఉంది.

7.4 మెంతి మొలకలు, 2011

ది డాల్స్ ఘటనలో ఒకరి కుట్ర ఉంది. కుట్ర ఏమీ లేకుండానే నింద దారితప్పిన మరో సందర్భం జర్మనీది. 2011 మే నెలలో ఉత్తర జర్మనీలో ఒక అరుదైన ఇ.కోలై వ్యాపించి, 3,800 మందికి పైగా జబ్బుపడగా 50 మందికి పైగా మరణించారు. చాలామందికి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. జర్మనీ వెళ్లివచ్చిన స్వీడన్, డెన్మార్క్ ప్రయాణికులూ వారిలో ఉన్నారు. అంటే ‘శుభ్రమైన’ దేశం నుంచి మరో ‘శుభ్రమైన’ దేశానికి వెళ్లినవారు.

మీరు ఏమేమి తిన్నారని రోగులను అడిగితే టమాటా, దోసకాయ, ఆకుకూర అని చెప్పారు. మే 26న హాంబర్గ్ అధికారులు స్పెయిన్ దోసకాయల పేరు ప్రకటించారు. ఆ దోసకాయల్లో కనిపించినది ఈ రోగానికి కారణమైన రకం కాదని కొద్ది రోజుల్లోనే తేలింది. ఆలోపు స్పెయిన్ రైతుల పంట కుళ్లిపోయింది, కూలీల పని పోయింది. నష్టపరిహారం తరువాత ఎప్పటికో వచ్చింది.

దారి చూపింది ఒక భోజనశాల. లూబెక్ నగరంలో బృందాలుగా వచ్చి తిన్నవారిని పరిశోధకులు అడిగిన ప్రశ్న మారింది. మీరేం తిన్నారని కాకుండా, ఏ వంటకం తెప్పించుకున్నారని అడిగారు. ఆ వంటకంలో ఏమేమి వేస్తారో వంటవారిని అడిగారు. సలాడ్ మీద అలంకారంగా చల్లిన మొలకలు రోగులకు గుర్తే లేవు. వంటవాడి లెక్కలో ఉన్నాయి. జూన్ 10న మొలకలే కారణమని ప్రకటించారు. అదే నెలలో ఫ్రాన్స్‌లో బోర్డో దగ్గర అదే రోగం కనిపించినప్పుడు రెండింటికీ ఉమ్మడిగా ఉన్నవి ఈజిప్టు నుంచి వచ్చిన మెంతులు. మన పోపులపెట్టెలో ఉండే మెంతులే! విత్తనాలను పరీక్షిస్తే సూక్ష్మజీవి దొరకలేదు. సరుకు చేతులు మారిన కాగితాలే సాక్ష్యం. మొలకెత్తించడానికి కావలసిన వెచ్చదనం, తడి సూక్ష్మజీవులకు కూడా అనుకూలమే. పోపులో వేగిన మెంతికి ఆ చిక్కు లేదు.

అభ్యాసం: ఈ మధ్య మీరు తిన్న పెళ్లి భోజనాన్ని తలచుకుని, విస్తట్లో వడ్డించినవన్నీ ఒక కాగితం మీద రాయండి. నీళ్లు, మంచుగడ్డ, పచ్చళ్లు కూడా వదలవద్దు. వీలైతే ఆనాటి వంట మేస్త్రీని కలిసి అతని జాబితా అడగండి. రెండింటినీ పక్కపక్కన పెట్టి, మీ జాబితాలో లేనివి ఏమిటో గుర్తించండి. పెరుగుపచ్చడి మీద చల్లిన పచ్చి కొత్తిమీర మీరు రాశారా?