పద్నాలుగు కేరట్ల మంగళసూత్రం

డబ్బు చాలని ఇంట్లో ముందుగా వాయిదా పడేది ఏమిటండీ? పిల్లల ఫీజు వాయిదా వెయ్యలేం. పాలవాడి బాకీ అంతకన్నా వెయ్యలేం. వీధి తలుపు గడియ బాగుచేయించడం మాత్రం ఏళ్ళ తరబడి అలా పడి ఉంటుంది.

స్వతంత్రం వచ్చిన కొత్తలో మన ప్రభుత్వం చేసిందీ దాదాపు అదే. ఆనకట్టలు కట్టాలి, ఉక్కు కర్మాగారాలు పెట్టాలి, తిండిగింజలు పైదేశాల నుంచి తెచ్చుకోవాలి. 1950 దశకం చివర సైన్యానికి దక్కింది జాతీయాదాయంలో రమారమి నూటికి రెండు వంతులే. అది తప్పనడానికి నాకైతే నోరు రాదు. ఆకలిగా ఉన్న ఇంట్లో గడియకన్నా గంజే ముందు కదా! కానీ 1962 అక్టోబరు 20న చైనా సేనలు విరుచుకుపడ్డప్పుడు ఆ హిమాలయాల చలిలో మన జవాన్లు చాలాచోట్ల నూలు దుస్తులతో, కాన్వాసు బూట్లతో నిలబడ్డారు. చేతుల్లో పాతకాలపు త్రీనాట్‌త్రీ రైఫిళ్ళు. నెల తిరిగేసరికి యుద్ధం ఆగింది. ఈలోపే రక్షణమంత్రి కృష్ణమీనన్ పదవి పోయింది.

ఆ రోజుల్లో రక్షణ నిధికి ఆడవాళ్ళు చేతుల గాజులూ, మెళ్ళో గొలుసులూ తీసి ఇచ్చారు. జవాన్ల కోసం స్వెట్టర్లు అల్లారు. అయినా వాటితో తీరే ఖర్చా అది? 1962–63 బడ్జెట్లో రక్షణకి 376 కోట్లు వేసుకుంటే, మరుసటి ఏడు 867 కోట్లు! ఆర్థికమంత్రి మొరార్జీ దేశాయ్ పన్నులు పెంచారు, జనం చేత నిర్బంధ డిపాజిట్లు కట్టించారు. అంతకుముందే 1963 జనవరిలో మన నగల మీద చెయ్యి వేశారు. కొత్తగా చేయించే నగ ఏదైనా సరే, పద్నాలుగు కేరట్లు దాటకూడదన్నారు.

ఆయన వాదన కొట్టిపారెయ్యదగిందేం కాదు లెండి. ఆయుధాలు కొనాలంటే విదేశీమారకం కావాలి. దొంగచాటుగా దిగే బంగారం దాన్ని మింగేస్తోంది. మనకి మోజు తగ్గితే స్మగ్లింగూ తగ్గుతుందని ఆశ. కానీ పద్నాలుగు కేరట్లంటే ఇరవైనాలుగు పాళ్ళలో పది పాళ్ళు రాగో వెండో! కూతురికి అలాంటి మంగళసూత్రం చేయించడానికి ఏ తల్లి ఒప్పుకుంటుంది, చెప్పండి? మోజు తగ్గలేదు, బేరం చాటుకి పోయింది. దెబ్బ తిన్నది కంసాలి. తాతల నాటి నుంచి మేలిమి పని తప్ప మరోటి ఎరగనివాళ్ళు వేలమంది వీధిన పడ్డారు. కొందరు ప్రాణాలే తీసుకున్నారు. రక్షణ బడ్జెట్లో ఈ ఖర్చు ఎక్కడా రాయలేదు.

1966లో పద్నాలుగు కేరట్ల నిబంధన ఎత్తేశారు. బంగారం కంట్రోలు చట్టం మాత్రం 1990 దాకా నడిచింది.

సైన్యానికి ముందుచూపుతో లెక్క వెయ్యడం 1964లో మొదలైంది. ఎనిమిది లక్షల పాతికవేల సైన్యం, 45 స్క్వాడ్రన్ల విమానాలు కావాలని అయిదేళ్ళ ప్రణాళిక గీశారు. అది గీసిన మరుసటి ఏడే పాకిస్తాన్‌తో యుద్ధం. మళ్ళీ బాండ్లకి బంగారం అడిగారు. నిజాం నవాబు అయిదు టన్నులు దానం చేశారని హైదరాబాదులో ఇప్పటికీ చెప్పుకుంటారు. రికార్డుల్లో కనిపించేది 425 కిలోలు. అదీ దానం కాదు, వడ్డీ వచ్చే బాండ్లలో పెట్టుబడి. 1962లో గాజులు ఒలిచి ఇచ్చిన ఇల్లాళ్ళకి వడ్డీ అక్కర్లేకపోయింది.