దారి వెడల్పు, దారి పొడవు: పత్తర్‌గట్టి నేపథ్యంలో కంప్యూటర్ మెమరీ వేగం, యంత్రం మార్చే కాలం

1908 నాటి మూసీ వరద తరువాత హైదరాబాదు నగరాన్ని చక్కదిద్దే బాధ్యత 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డుకు దక్కింది. చార్మినార్‌కు ఉత్తరాన పత్తర్‌గట్టి వీధిని వెడల్పు చేసి, రాతి కమానుల దుకాణాలను నిర్మించడం ఆ బోర్డు చేసిన పనుల్లో ప్రసిద్ధమైనది. వీధి విశాలమయ్యాక ఒకేసారి ఎక్కువ బండ్లు సాగగలిగాయి. మదీనా కూడలి నుంచి చార్మినార్‌కు ఉన్న దూరం మాత్రం తగ్గలేదు. కంప్యూటర్ మెమరీ చరిత్రలో ఈ తేడాయే కీలకం. కొత్త ప్రాసెసర్ విడుదలైనప్పుడల్లా ప్రకటనల్లో పెరిగే అంకె దారి వెడల్పును చెబుతుంది. మొదటి అక్షరం చేతికందేదాకా పట్టే నిరీక్షణను చెప్పదు. యంత్రాన్ని ఎప్పుడు మార్చాలన్న నిర్ణయాలు ఈ రెంటినీ ఒకటిగా భావించడం వల్లనే తరచు దారి తప్పాయన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

ఈ చిక్కు మొదటినుంచీ ఉన్నది కాదు. డా. ఏ.ఎస్. రావు నాయకత్వంలో 1967లో హైదరాబాదులో ఈసీఐఎల్ ఏర్పడింది. ట్రాంబేలో రూపొంది 1969లో వెలుగు చూసిన టీడీసీ-12 వారసత్వంగా ఆ సంస్థ 1970ల నడుమ టీడీసీ-312, టీడీసీ-316 యంత్రాలను తయారుచేసింది. వాటిలో ప్రాసెసర్, అయస్కాంత వలయాల మెమరీ ఒకే యంత్రంగా, ఒకే సంస్థ నుంచి వచ్చేవి. ఏ ప్రాసెసర్‌కు ఏ మెమరీ పొసగుతుందన్న ప్రశ్న కొనేవాడి దాకా వచ్చేది కాదు. పర్సనల్ కంప్యూటర్ కాలంలో ప్రాసెసర్ ఒకరిది, మెమరీ మరొకరిది, ప్రమాణాలు నిర్ణయించే జెడెక్ వేరొకటి అయ్యాక ఆ ప్రశ్న పుట్టింది. ఎవరి క్యాలెండర్ వారిది.

పత్తర్‌గట్టికి ఆనుకొని ఉన్న ఛత్తా బజార్ ఉర్దూ ముద్రణకు, పెళ్ళి పత్రికలకు పేరుపొందినది. అక్కడికి కంప్యూటర్ వచ్చిన తీరు ఈ చర్చకు చాలా ఉపయోగపడుతుంది. నస్తాలీఖ్ లిపిలో అక్షరాలు విడివిడిగా నిలబడవు. పక్క అక్షరాన్నిబట్టి రూపం మారి, వాలుగా కిందికి జారుతూ కలుస్తాయి. 1981లో వచ్చిన నూరీ నస్తాలీఖ్ ఈ కలయికలను ముందే గీసి పెట్టుకున్న వేలాది రూపాలతో పరిష్కరించింది. మన వత్తులు, గుణింతాలే కంపోజింగ్‌కు కష్టమనుకునే తెలుగువారికి ఆ సంఖ్య ఆశ్చర్యం కలిగిస్తుంది. 1994లో ఢిల్లీ నుంచి వచ్చిన ఇన్‌పేజ్ ఈ పద్ధతిని సాధారణ కంప్యూటర్‌కు తెచ్చింది. కాతిబుల కలం పని క్రమంగా తెర మీదికి మారింది. అటువంటి పనికి ఆ రూపాలన్నీ ర్యామ్‌లో ఇముడుతాయా, లేక మాటిమాటికీ డిస్కును వెతుక్కోవాలా అన్నదే అసలు ప్రశ్న. కావలసింది మెమరీ పరిమాణం. దాని వేగపు అంకె తరువాతి మాట.

తొందరపాటుకు దొరికిన శిక్షకు పెంటియమ్ 4 మంచి ఉదాహరణ. 2000 నవంబరులో అది విడుదలైనప్పుడు ఖరీదైన ర్యామ్‌బస్ మెమరీ తప్ప గత్యంతరం లేదు. 2001లో చౌకైన పీసీ133 మెమరీతో పనిచేసే 845 చిప్‌సెట్ వచ్చింది. అయితే ప్రాసెసర్ సెకనుకు 3.2 గిగాబైట్లు స్వీకరించగలదు. ఆ మెమరీ అందించగలిగింది 1 గిగాబైటుకు కాస్త ఎక్కువ. 2002 నాటికి డీడీఆర్ ఆ రెంటి నడుమ దారి చూపింది, ర్యామ్‌బస్ కొన్నవారికి ముందుకు దారి మూసుకుపోయింది. ప్రాసెసర్ బాగున్నా, దానికి తగిన మెమరీ అందుబాటు ధరకు రాకముందే కొన్నవారు నష్టపోయారు.

ఇక నిరీక్షణ లెక్క. 3 క్లాకుల జాప్యంతో నడిచే పీసీ133లో అడిగిన గడి స్పందించడానికి సుమారు 22.5 నానోసెకన్లు పడుతుంది. 16 క్లాకుల డీడీఆర్4-3200లో 10. తొలినాళ్ళ డీడీఆర్5-4800లో, 40 క్లాకుల జాప్యంతో, 16.7. రవాణా వేగం 36 రెట్లు పెరిగింది. నిరీక్షణ సగానికి కూడా తగ్గలేదు, పైగా డీడీఆర్4 నుంచి డీడీఆర్5కు మారినవారికి మొదట్లో పెరిగింది. ప్రాసెసర్ వేగానికీ మెమరీ స్పందనకూ మధ్య పెరుగుతున్న ఈ అగాధాన్ని వుల్ఫ్, మెకీ 1995లోనే ‘మెమరీ గోడ’గా వర్ణించారు.

తయారీదారులు ప్రకటించే మద్దతు అంకెలను ఈ వెలుగులో చదవాలి. ఏఎండీ రైజెన్ 2017లో 2666, 2019లో 3200, 2022లో 5200, 2024లో 5600 వేగాలకు అధికారికంగా మద్దతిచ్చింది. కాని ఆ 5200 రెండు ర్యామ్ స్టిక్కులకే; నాలుగు అమర్చితే హామీ 3600కు పడిపోతుంది. ఇంటెల్ 2021లో ఒకే ప్రాసెసర్‌తో డీడీఆర్4, డీడీఆర్5 రెండింటికీ వీలు కల్పించింది. సంధికాలంలో కొనేవారిపట్ల ఇది ఉదారమైన ఏర్పాటని నా అభిప్రాయం. ఏఎండీ కొత్త వేదిక పాత మెమరీని పూర్తిగా వదిలేసింది. అయితే అంతకు కొన్ని నెలల ముందే, 2022 ఏప్రిల్‌లో, అదే సంస్థ పాత డీడీఆర్4 వేదికపై 96 మెగాబైట్ల ఎల్3 క్యాష్‌తో 5800ఎక్స్3డీని తెచ్చింది. వీధిని వెడల్పు చేయకుండా దుకాణం వెనకాలే గోదాము కట్టినట్టు! ఆటల వంటి పనుల్లో అది కొత్త తరం యంత్రాలతో పోటీపడింది.

2025 చివరిలో ఈ లెక్కలోకి మరో క్యాలెండర్ చేరింది. కృత్రిమ మేధ కోసం డేటాకేంద్రాలు మెమరీని పెద్దయెత్తున కొనడంతో చిల్లర ధరలు విపరీతంగా పెరిగాయి. హైదరాబాదులో అభివృద్ధి కేంద్రమున్న మైక్రాన్ సామాన్య వినియోగదారుల కోసం నడిపిన క్రూషియల్ వ్యాపారం నుంచి వైదొలగుతున్నట్టు ఆ డిసెంబరులో ప్రకటించింది. ఇటువంటి సమయంలో ప్రయోగశాల కోసం టెండరు రాసే కళాశాల ‘5600 వేగం’ అని పట్టుబట్టి, 16 జీబీని ఒకే స్టిక్కుగా తీసుకుంటే రెండు చానెళ్ళలో ఒకటి ఖాళీగా మిగులుతుంది. డబ్బు వెడల్పుకే ఇచ్చినా, వీధిలో సగం మూసే ఉంటుంది.