సెట్టింగులు ఎవరి చేతిలో?

ఎమిరేట్స్ టెలికం చరిత్రను నాలుగు తేదీల్లో చెప్పేయడం అలవాటు. 1976లో టెలికం కంపెనీ ఎతిసలాత్ పుట్టింది, 1982లో మొబైల్ నెట్‌వర్క్ వచ్చింది, 1995లో ఇంటర్నెట్ జనానికి అందింది, 2011 నాటికి అబుదాబి నగరమంతా ఫైబర్ పరుచుకుంది. ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ ఇది తీగల చరిత్రే. ఆ తీగ చివర ఉన్న మనిషి చరిత్ర కావాలంటే వేరే ప్రశ్న వేయాలి: ఐపీ అడ్రస్, గేట్‌వే, డీఎన్ఎస్, ప్రాక్సీ వంటి కనెక్షన్ సెట్టింగులు ఏ కాలంలో ఎవరు పెట్టారు? ఒకప్పుడు వాడేవాడే తన కంప్యూటర్‌లో పెట్టుకున్నాడు. తర్వాత ఆ పని కంపెనీ ఇచ్చిన పెట్టెలోకి, అక్కడి నుంచి నెట్‌వర్క్ లోపలికి జరిగింది. జరిగిన ప్రతిసారీ సౌకర్యం పెరిగింది, ఏం జరుగుతోందో వాడేవాడికి తెలియడం తగ్గింది. ఎమిరేట్స్ ఇంటర్నెట్ కథలో అసలు మలుపు ఇదేనని నా వాదన.

కేంద్రం చేతిలో పగ్గాలుండటం ఇంటర్నెట్‌తో మొదలైంది కాదు. 1864లో బ్రిటిష్ ఇండియా గల్ఫ్‌లో టెలిగ్రాఫ్ కేబుల్ వేసినప్పుడు అది గ్వాదర్ నుంచి ముసందం మీదుగా బుషెహర్, ఫావో వైపు వెళ్లింది. పక్కనే ఉన్న ట్రూషియల్ తీరానికి, అంటే ఇప్పటి ఎమిరేట్స్‌కు, అందులో వాటా దక్కలేదు. ఆ లైను లండన్‌ను కలకత్తాతో కలపడానికే గాని ముత్యాల వర్తకుల కోసం కాదు. 1932లో ఇంపీరియల్ ఎయిర్‌వేస్ విమానాల కోసం షార్జాలో మజిలీ కట్టినప్పుడు వైర్‌లెస్ కూడా విమానాల అవసరానికే వచ్చింది. టెలిఫోన్ వచ్చాక కొంతకాలం ఎమిరేట్లలో వేరువేరు కంపెనీలు నడిచాయి. 1971లో సమాఖ్య ఏర్పడ్డాక, అయిదేళ్లకు వాటి స్థానంలో ఎతిసలాత్ అనే ఒకే కార్పొరేషన్ నిలిచింది. కొత్త దేశాన్ని ఒక్క తాటి మీదకి తేవాలనుకున్న పాలకులకు ఒకే ఫోన్ కంపెనీ ఉండటం సహజమైన నిర్ణయమే. 1995లో ఇంటర్నెట్ వచ్చేనాటికి ఆ ఏకఛత్రాధిపత్యం వయసు దాదాపు ఇరవై ఏళ్లు. మరో కంపెనీ దగ్గరికి వెళ్లే దారి వాడేవాడికి లేదు.

అయినా ఆ తొలి రోజుల్లో ఒక విశేషం ఉంది. డయలప్ కనెక్షన్ తీసుకున్నవాళ్లు మోడెమ్ నంబరుతో పాటు బ్రౌజర్‌లో ప్రాక్సీ అడ్రస్ కూడా పెట్టుకోవాల్సి వచ్చేది: ప్రాక్సీ డాట్ ఎమిరేట్స్ డాట్ నెట్ డాట్ ఏఈ, పోర్ట్ 8080. చూడాలనుకున్న పేజీ ముందు ఎతిసలాత్ ప్రాక్సీకి చేరేది, నిషిద్ధ జాబితాలో లేకపోతేనే ఇవతలికి వచ్చేది. 1999లో హ్యూమన్ రైట్స్ వాచ్ మధ్యప్రాచ్యపు ఇంటర్నెట్ మీద రాసిన నివేదికలో ఈ ఏర్పాటును ప్రస్తావించింది. వడపోత మంచిదా చెడ్డదా అనేది అటుంచితే, దాని చిరునామా వాడేవాడి చేత్తోనే టైప్ అయ్యేది. తన అభ్యర్థన ఎవరి గుమ్మం మీదుగా పోతోందో దుబాయ్ కరామాలో అద్దె గదిలో ఉన్న అకౌంటెంట్‌కు కూడా తెలుసు, ఎందుకంటే ఆ గుమ్మం పేరు రాసింది అతనే. నియంత్రణ ఉంది, అయితే కళ్లెదుట ఉంది.

బ్రాడ్‌బ్యాండ్ రాకతో ఆ పని పెట్టెలోకి వెళ్లింది. ఇంటింటికీ చేరిన రౌటర్లలో చాలావాటి లోపల ఉండేది ఒక చిన్న లినక్స్. దాని మూలాలు ఎమిరేట్స్‌కు చాలా దూరంలో ఉన్నాయి. 1995లో బ్రూస్ పెరెన్స్ డెబియన్ లినక్స్‌ను ఒక్క ఫ్లాపీలోంచి ఇన్‌స్టాల్ చేసేలా బిజీబాక్స్ అనే ప్రోగ్రామ్ రాశాడు. ఫ్లాపీలో పట్టేది 1.44 మెగాబైట్లే. అందుకని పదుల కొద్దీ ఆదేశాలను ఒకే ఫైలులో కుదించాడు. తర్వాత తోడైనవాటితో కలిపి ఇఫ్‌కాన్ఫిగ్, రూట్, పింగ్, యూడీహెచ్‌సీపీసీ అన్నీ ఆ ఒక్క ఫైలుకు పెట్టిన మారుపేర్లే. ఏ పేరుతో పిలిస్తే ఆ పని చేస్తుంది, వీధిభాగవతంలో ఒకే నటుడు కిరీటం మార్చి పాత్ర మార్చినట్టు. పెట్టె ఆన్ కాగానే యూడీహెచ్‌సీపీసీ అడ్రస్ కావాలని నెట్‌వర్క్‌ను అడుగుతుంది. జవాబు రాగానే ఒక చిన్న షెల్ స్క్రిప్టును ‘బౌండ్’ అనే మాటతో పిలుస్తుంది. వచ్చిన ఐపీ, సబ్‌నెట్, రౌటర్, డీఎన్ఎస్ వివరాలు ఆ స్క్రిప్టుకు అందుతాయి. ఇంటర్‌ఫేస్‌కు అడ్రస్ పెట్టేదీ, డీఎన్ఎస్ ఫైలు తిరగరాసేదీ ఆ స్క్రిప్టే. అంటే పాతికముప్పై వరుసల మామూలు టెక్స్ట్ ఫైలు. చదవడం వచ్చినవాడెవడైనా దాన్ని చదవగలడు, మార్చగలడు.

చట్టం కూడా అందుకు అనుకూలమే. బిజీబాక్స్ జీపీఎల్ లైసెన్సు కింద ఉంది. పెట్టె అమ్మేవాడు అడిగినవాళ్లకు సోర్స్ ఇవ్వాలి. 2003లో లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ రౌటర్‌లో లినక్స్ ఉందని బయటపడ్డాక ఆ కంపెనీ సోర్స్ విడుదల చేయక తప్పలేదు. నాలుగు మెగాబైట్ల ఫ్లాష్, పదహారు మెగాబైట్ల మెమరీ ఉన్న ఆ పెట్టె ఆధారంగానే 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే స్వేచ్ఛా రౌటర్ ఫర్మ్‌వేర్ మొదలైంది. 2007లో బిజీబాక్స్ రచయితల తరఫున అమెరికాలో తొలి జీపీఎల్ దావా పడింది. ఇదంతా చూస్తే పెట్టె లోపలి పనిముట్లు అందరి ఉమ్మడి ఆస్తి. పనిముట్టు అందరిదైనప్పుడు అధికారం కూడా పంచుకున్నట్టే కదా అనిపిస్తుంది. చరిత్ర మాత్రం అలా నడవలేదు. 2004లోనే డీఎస్ఎల్ ఫోరం టీఆర్-069 అనే ప్రమాణాన్ని ప్రకటించింది. దాని సాయంతో ఆపరేటరు తన ఆఫీసులో కూర్చుని లక్షల ఇళ్లలోని రౌటర్ల సెట్టింగులు మార్చవచ్చు, ఫర్మ్‌వేర్ ఎక్కించవచ్చు. ప్రపంచమంతటా ఆపరేటర్లు దీన్ని అందిపుచ్చుకున్నారు. స్క్రిప్టు ఉచితమే, దాన్ని రాసే కలం మాత్రం ఆపరేటరు చేతిలో ఉంది.

ఎమిరేట్స్‌లో ఈ మార్పు మరింత స్పష్టంగా కనిపించడానికి కారణం రెండో కంపెనీ కథ. 2000లో తెరిచిన దుబాయ్ ఇంటర్నెట్ సిటీ వంటి ఫ్రీజోన్లలో కొన్నేళ్లపాటు వడపోత లేని ఇంటర్నెట్ నడిచింది. 2003లో టెలికం నియంత్రణ సంస్థ ఏర్పడింది, తర్వాత రెండో కంపెనీ డు రంగంలోకి దిగింది. పోటీ వస్తే పట్టు సడలుతుందని మామూలుగా అనుకుంటాం. ఇక్కడ జరిగింది అందుకు విరుద్ధం. 2008లో డు కూడా వడపోత అమలు చేసింది, ఫ్రీజోన్లకున్న మినహాయింపు పోయింది. కంపెనీలు రెండయ్యాయి, నియమం ఒకటైంది. బ్రౌజర్‌లో ప్రాక్సీ రాయాల్సిన పనీ అప్పటికి పోయింది, ఎందుకంటే వడపోత నెట్‌వర్క్‌లోనే కూర్చుంది. ఉదాహరణకు, వాట్సాప్‌లో మెసేజ్ పోతుంది, కాల్ కలవదు. ఇంట్లో రౌటర్‌లో ఏ మీట తిప్పినా అది మారదు. చట్టం కూడా ఐపీ అడ్రస్ దాకా వచ్చింది, 2016 సవరణ శిక్షను పెంచింది: నేరం చేయడానికి గాని, నేరం బయటపడకుండా చూసుకోవడానికి గాని దొంగ అడ్రస్ వాడితే అయిదు లక్షల నుంచి ఇరవై లక్షల దిర్హాముల జరిమానా. అడ్రస్ అనే సాంకేతిక వివరం నేర చట్టంలో భాగమైంది.

ఈ వాదనకు మొదటి అభ్యంతరం తేలికగా కొట్టిపారేసేది కాదు. వడపోత కనిపించకుండా ఎక్కడ పోయింది, నిషేధించిన సైటుకు వెళ్తే ఫలానా కారణంతో ఆపామని పేజీ వస్తుంది కదా, ఏ రకం సమాచారం నిషిద్ధమో నియంత్రణ సంస్థ ప్రకటించింది కదా అంటారు. నిజమే, చడీచప్పుడు లేకుండా సైట్లు మాయం చేసే దేశాల కంటే ఇది నిజాయితీ గల పద్ధతి. కానీ ఆ పేజీ వెబ్ సైట్లకే. కాల్ కలవకపోతే ఏ పేజీ రాదు, తప్పు ఫోన్‌దో సిగ్నల్‌దో అనుకుని గల్ఫ్‌లోని భర్త మాట కోసం జగిత్యాలలో ఎదురుచూసే ఇల్లాలు మళ్లీ మళ్లీ డయల్ చేస్తుంది. రౌటర్‌లో రాత్రికి రాత్రి ఒక సెట్టింగు మారినా పేజీ రాదు. చెప్పి ఆపడం, చెప్పకుండా మార్చడం రెండూ ఒకే ఖాతాలో వేసుకోలేం.

రెండో అభ్యంతరం భద్రత గురించి. సామాన్యుడి చేతికి సెట్టింగులిస్తే పాస్‌వర్డు కూడా మార్చడు, కంపెనీ చూసుకోవడమే క్షేమం అంటారు. 2016లో వచ్చిన మిరాయ్ అనే మాల్‌వేర్ ఈ మాటకు సగం బలమిస్తుంది. ఫ్యాక్టరీ పాస్‌వర్డులతో వదిలేసిన కెమెరాలు, రౌటర్లలోకి అది టెల్‌నెట్ ద్వారా దూరేది. దూరాక బిజీబాక్స్‌ను పిలిచి, వచ్చిన జవాబును బట్టి అసలైన షెల్ దొరికిందో లేదో తేల్చుకునేది. వదిలేసిన పెట్టె ప్రమాదమని ఇంతకంటే రుజువు అక్కర్లేదు. మిగతా సగం అదే ఏడాది నవంబరులో తేలింది. జర్మనీలో డాయిష్ టెలికామ్ రౌటర్లు దాదాపు తొమ్మిది లక్షలు మూలపడ్డాయి. దాడి వచ్చిన దారి ఆపరేటరు దూరం నుంచి నడపడానికి తెరిచి ఉంచే పోర్ట్ 7547. మరమ్మతు కూడా ఆపరేటరు పంపిన ఫర్మ్‌వేర్‌తోనే జరిగిందన్నది ఒప్పుకోవాలి. కాబట్టి కేంద్రం చూసుకోవడం తప్పని కాదు, కేంద్రం చూసుకుంటే చాలు అనుకోవడం తప్పు. ఒకే తాళం లక్ష ఇళ్లకు పెడితే ఆ తాళం ఎలాంటిదో తెలుసుకునే హక్కు లక్ష ఇళ్లకూ ఉంటుంది.

ఇక మూడోది: ఎమిరేట్స్‌లో ఎక్కువమంది వలస వచ్చినవాళ్లే, అద్దె ఇళ్లు, రెండేళ్ల కాంట్రాక్టులు, వాళ్లకు గేట్‌వే గొడవ ఎందుకు అంటారు. గొడవ వాళ్లే కొనితెచ్చుకోలేదు, బతుకు తెచ్చిపెట్టింది. బెడ్ స్పేస్ గదుల్లో ఒక కనెక్షన్‌ను పదిమంది పంచుకోవాలంటే కంపెనీ పెట్టె వెనక మరో చవక రౌటర్ పెట్టాల్సి వస్తుంది. రెండూ 192.168.1.1 మీదే కూర్చుంటే గదిలో నెట్ ఆగిపోతుంది. రెండోదాన్ని 192.168.2.1కి మార్చాలి, లేదా దానికి అదే నెట్‌వర్క్‌లో వేరే అడ్రస్ ఇచ్చి, డీహెచ్‌సీపీ ఆపి తీగను ల్యాన్ పోర్టులో పెట్టాలి. ఇంజినీరింగ్ చదవని చేతులు ఈ పని చేసుకుంటూనే ఉన్నాయి. సామాన్యుడికి సెట్టింగులు అర్థం కావనే మాట ఈ గదుల ముందు నిలబడదు. అర్థమయ్యే అవకాశం ఇచ్చిన మేరకు అతను అర్థం చేసుకున్నాడు.

పనిముట్టు స్వేచ్ఛగా ఉంటే దాన్ని వాడేవాడు స్వతంత్రుడవుతాడని జీపీఎల్ ఉద్యమం ఆశించింది. ఎమిరేట్స్ అనుభవం ఆ ఆశకు ఒక షరతు జోడిస్తోంది: సోర్స్ చదవగలగడం వేరు, నడుస్తున్న అమరికను చూడగలగడం వేరు. మొదటిది లైసెన్సు ఇస్తుంది, రెండోది నియంత్రణ సంస్థ మాత్రమే ఇవ్వగలదు. నిషిద్ధ విషయాల జాబితా ప్రకటించగలిగిన సంస్థకు, ఇంట్లో పెట్టెను దూరం నుంచి ఎప్పుడు, ఏం మార్చారో ఆ ఇంటివాళ్లకు తెలియజేయమని ఆపరేటర్లను ఆదేశించడం కష్టమేమీ కాదు. అన్నీ మార్చుకునే అధికారం అందరికీ అక్కర్లేకపోవచ్చు. 8080 పోర్టును స్వయంగా టైప్ చేసుకున్న రోజుల్లో ఉన్నపాటి ఎరుకైనా 2020ల వినియోగదారుడికి దక్కకపోతే, ఫైబర్ ఎంత వేగంగా ఉన్నా దాన్ని పూర్తి ముందడుగు అనలేం.